కుంచెడు లెక్క, మానెడు పాత్ర

పాత కంప్యూటరు ప్రోగ్రామును క్రొత్త యంత్రముపై నడపవలెనన్న, క్రొత్త యంత్రము పాతదాని వేషము వేయవలెను. దీనినే ఎమ్యులేషన్, అనగా అనుకరణ, అందురు. వేషము కుదిరినంత మాత్రమున లెక్క కుదురునా?

ఇంటెల్ సంస్థ 1980లో 8087 అను కోప్రాసెసర్‌ను వెలువరించినది. భిన్నములు, వర్గమూలములు మొదలగువానిని ప్రధాన ప్రాసెసరుకు చేసిపెట్టు గణిత సహాయకమది. తన లోపల ప్రతి సంఖ్యను 80 బిట్లలో నిలుపుకొనును. అందు 1 గుర్తునకు, 64 అంకెలకు, 15 ఘాతమునకు. ఘాతమనగా బిందువు ఎచ్చట నుండవలెనో తెలుపునది. ఇందుచే 1 ప్రక్కన 4,932 సున్నలు గల సంఖ్య కూడ అందులో ఇముడును. నేటి యంత్రములలో పెక్కింటికి సహజమైన కొలత 64 బిట్లే, ఘాతమునకు 11. వాని హద్దు 308 సున్నల దాపున ఆగును. ఆపైన ‘అనంతము’ అని చేతులెత్తివేయును.

అంత పెద్ద సంఖ్యతో మాకేమి పని యని పాఠకులు అడుగవచ్చును. జవాబు చిన్నదైనను దారి పెద్దది కావచ్చును. 200 మందిలో 100 మందిని ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చును? జవాబున 59 అంకెలే. కాని 1 మొదలు 200 వరకు గుణించునపుడు, నడుమ 375 అంకెల లబ్ధము వచ్చును. దానిని 1 మొదలు 100 వరకు గల లబ్ధముతో రెండుమార్లు భాగింపగా జవాబు తేలును. 8087 ఈ బరువును మోయగలదు. 64 బిట్ల అనుకరణలో లబ్ధము అనంతమగును. దానిని భాగించినను అనంతమే.

ఇంకొక చిక్కు దీనికంటె గడుసుది. ఎనిమిది బైట్ల సమాచారమును ఒకచోటినుండి మరొకచోటికి చేర్చుటకు కొందరు ప్రోగ్రాముకర్తలు కోప్రాసెసర్‌నే కూలివానివలె వాడుకొనిరి. పూర్ణసంఖ్యగా లోనికి తీసికొని, అట్లే వెలుపల పెట్టించుట వారి యుక్తి. అంకెలకు 64 బిట్ల చోటున్నందున ఒక్క బిట్టయినను చెడదు. అనుకరణలో 16 అంకెలు దాటిన పూర్ణసంఖ్యల చివరి బిట్లు రాలిపోవచ్చును. ఆ సమాచారము బొమ్మయైనచో తెరపై రంగులు మారును. అనంతమన్న మాట కనీసము హెచ్చరిక. ఇది చెప్పక చెరుపును. మాకిదియే ఎక్కువ అపాయకరముగ తోచుచున్నది.

ఉపాయము లేకపోలేదు. ఘాతము నొకచోట, అంకెల నొకచోట పూర్ణసంఖ్యలుగా ఉంచి, 80 బిట్ల లెక్కను ప్రోగ్రాముచేతనే నడిపింపవచ్చును. వేగము మాత్రము చాల తగ్గును. ఆటలాడువారు వేగమునే కోరుదురేమో! వంతెన బలమును లెక్కించు పాత ప్రోగ్రామును నడపదలచినవారు మాత్రము, మధ్య ఫలితములను కోప్రాసెసర్ లోపలనే నిలుపుచు, పై 200 మంది లెక్కను ఆ అనుకరణచే ముందుగా చేయించి చూచుకొనవలెను.