క్రెడిట్ కార్డుకు ఏటా కప్పం కడుతున్నారా?



పాలవాడి లెక్క, పనిమనిషి జీతం, పేపరు బిల్లు, గ్యాసు, కరెంటు – ఇవన్నీ కాగితం అక్కరలేకుండా వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగల గృహిణులం మనం. తోటకూర కట్ట మీద రెండు రూపాయలు ఎక్కువ చెబితే, వనస్థలిపురం రైతుబజారులో ఇంకో బల్ల దగ్గరికి నడిచి వెళతాం. అలాంటిది, ఏడాదికి ఒక్కసారి క్రెడిట్ కార్డు బిల్లులో చప్పుడు చేయకుండా వచ్చి కూర్చునే రెండు మూడు వేల రూపాయలను చాలా ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోరు. దాని పేరు వార్షిక రుసుము. వాడుకలో యాన్యువల్ ఫీజు అంటున్నాం. ఈవేళ ఆ ఫీజు గురించీ, ఎక్కువ ఫీజున్న కార్డును అదే బ్యాంకులో తక్కువ ఫీజు కార్డుగా మార్చుకోవడం గురించీ మాట్లాడుకుందాం.

క్రెడిట్ కార్డు మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. దేశంలో ఈ పని మొదట చేసిన ఒకటి రెండు బ్యాంకులలో అదొకటి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో కార్డు ఏ కొద్దిమంది జేబులోనో ఉండేది. 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. కార్డుతోపాటు రివార్డు పాయింట్లు, వోచర్లు, విమానాశ్రయంలో విశ్రాంతి గది, ఇలా రకరకాల ఆకర్షణలు వచ్చాయి. ఆకర్షణలు పెరిగినకొద్దీ ఫీజూ పెరిగింది.

అసలు ఈ పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయి? మనం దుకాణంలో వెయ్యి రూపాయలకు కార్డు గీస్తే, దుకాణదారుకు వెయ్యీ అందదు. నూటికి రూపాయిన్నరో రెండు రూపాయలో బ్యాంకులవైపు పోతుంది. అందులోంచి కొద్దిగా తీసి మనకు పాయింట్ల రూపంలో ఇస్తారు. అంచేత పాయింటు అనేది మనం ఖర్చుపెడితేనే పుట్టేది. ఖర్చు తక్కువ ఉన్న ఇంటికి పెద్ద కార్డు, ఇద్దరున్న ఇంటికి ఇరవైమందికి వండే గుండిగ లాంటిది. తోమడానికే సరిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ కార్డు అంకెలు మీ బిల్లు చూసి వేసుకోండి. కార్డు ఫీజు 2,500 రూపాయలు అనుకోండి. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 450. మొత్తం 2,950. నెలకు కార్డుమీద 15,000 ఖర్చవుతోంది. అందులో పెట్రోలు, కరెంటు బిల్లు, బీమా కలిపి 7,000. చాలా కార్డులు పెట్రోలుకు పాయింట్లు ఇవ్వవు. బీమాకు, కరెంటుకు, ఇంటద్దెకు కూడా ఇవ్వనివీ, ఇచ్చినా పరిమితి పెట్టినవీ ఎన్నో ఉన్నాయి. కాబట్టి పాయింట్లు వచ్చే ఖర్చు నెలకు 8,000, ఏడాదికి 96,000. నూరు రూపాయలకు 2 పాయింట్ల చొప్పున 1,920 పాయింట్లు. పాయింటు విలువ పావలా అయితే వచ్చేది 480 రూపాయలు. చూశారా? 2,950 ఇచ్చి 480 తెచ్చుకున్నాం. చేతినుంచి పోయింది 2,470.

అదే బ్యాంకులో 500 రూపాయల ఫీజుతో ఇంకో కార్డు ఉందనుకోండి. జీఎస్టీతో కలిపి 590. నూటికి ఒక్క పాయింటే ఇస్తుంది. ఏడాదికి 240 రూపాయలు వస్తాయి. పోయేది 350. అంటే కార్డు మార్చుకోవడం వల్ల ఏటా 2,120 రూపాయలు ఇంట్లోనే ఉంటాయి. అసలు ఫీజే లేని కార్డు దొరికితే ఇంకా మంచిది, వచ్చినంతా లాభమే.

ఇక్కడ కొందరు అడగవచ్చు: "ఏడాదికి మూడు లక్షలు ఖర్చుపెడితే ఫీజు మాఫీ అన్నారు కదా?" నిజమే, చాలా కార్డులకు అలాంటి షరతు ఉంటుంది. మీ ఇంటి ఖర్చు సహజంగానే అంతవరకూ వెళుతుంటే, ఆ కార్డును హాయిగా ఉంచుకోండి, మార్చవలసిన పనే లేదు. కానీ మన ఉదాహరణలో ఏడాది ఖర్చు 1,80,000. ఇంకా 1,20,000 తక్కువ. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి "ఎలాగూ మాఫీ వస్తుంది కదా" అని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి చీరలో, కొత్త ఫ్రిజ్జో కొనేస్తే అయ్యే పని ఏమిటి? 2,950 మిగుల్చుకోవడానికి లక్షా ఇరవై వేలు పెట్టడం. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా మాఫీ లెక్కలోకి ఏ ఖర్చు వస్తుందో, ఏది రాదో బ్యాంకు ముందే రాసిపెడుతుంది. ఇంటద్దె, వాలెట్‌లో వేసిన డబ్బు వంటివి లెక్కలోకి రాని కార్డులు ఉన్నాయి.

ఆ కొన్నదానికి డబ్బు ఒక్కసారిగా కట్టలేక, కనీస మొత్తం కట్టి ఊరుకుంటే పరిస్థితి మరీ ఘోరం. చాలా బ్యాంకుల కార్డులమీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంతకు పైన కూడా ఉంటోంది. ఏడాదికి నూటికి నలభై దాటుతుంది. అంతేకాదు, పాత బాకీ ఉండగా కొత్తగా కొన్న వస్తువులకు కూడా గడువు లేకుండా మొదటిరోజు నుంచే వడ్డీ పడుతుంది. బాకీ ఉన్న ఇంట్లో పాయింట్ల ప్రసక్తే వద్దు. ముందు బాకీ తీర్చడమే పెద్ద రివార్డు.

ఇక వోచర్లు, విశ్రాంతి గదులు. ఫీజు కట్టగానే వోచరు ఇస్తే, ఆ దుకాణంలో మీరు ఎలాగూ కొనేవారైతేనే దాన్ని లాభంగా రాసుకోండి. కొననివారైతే అది సున్నా. విమానాశ్రయపు గదికీ అదే సూత్రం. గత ఏడాది మీ ఇంటివాళ్ళు ఎన్నిసార్లు శంషాబాదు వెళ్ళి విమానమెక్కారు? విజయవాడ వెళ్ళాలంటే ఎల్.బి.నగర్‌లో బస్సెక్కే వాళ్ళం మనం. బస్సుకోసం ఎదురుచూసేవారికి ఏ కార్డూ కుర్చీ వేయదు.

మరి లెక్క కలవనప్పుడు కార్డును కత్తిరించి పారేస్తే సరిపోదా? రెండు కారణాలవల్ల తొందరపడవద్దంటాను.

మొదటిది సిబిల్ స్కోరు. 300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకెను చూసే రేపు పిల్లల చదువుకో, ఇంటికో అప్పు ఇస్తారు. ఉన్న లిమిట్‌లో మనం ఎంత వాడుతున్నామో కూడా అందులో చూస్తారు. ఒక కార్డు లిమిట్ రెండు లక్షలు, ఇంకోదాని లిమిట్ యాభై వేలు అనుకోండి. నెలకు నలభై వేలు వాడితే మొత్తంమీద 16 శాతం వాడినట్టు. పెద్ద కార్డు మూసేస్తే అదే నలభై వేలు 80 శాతం అయి కూర్చుంటుంది. ఖర్చు పెరగలేదు, కానీ చూసేవారికి మనం పీకలదాకా అప్పులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళు సక్రమంగా కట్టిన పాత ఖాతాకు ఉన్న విలువ కూడా వేరు.

రెండోది, మన కాలనీలలో చాలామందికి సంబంధించినది. ఎన్జీఓస్ కాలనీ మొదలుకొని ఇటు వనస్థలిపురమంతా ఉద్యోగ విరమణ చేసినవారి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగా జీతం చూసి బ్యాంకువారు పెద్ద కార్డు ఇచ్చారు. పెన్షను వచ్చాక ఖర్చు తగ్గింది, ఫీజు మాత్రం తగ్గలేదు. అలాగని ఆ కార్డు మూసేస్తే, తరవాత కొత్తది కావాలన్నప్పుడు ఆదాయం చూపించమంటారు, వయసు చూస్తారు. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టవలసి వస్తే చేతిలో కార్డు ఉండటం మంచిదే. అంచేత కార్డు ఉండాలి, ఫీజు తగ్గాలి. మీవారి పదవీ విరమణ దగ్గరపడుతుంటే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోండి.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. కార్డు ఏ నెలలో వచ్చిందో పాత స్టేట్‌మెంట్లు చూసి తెలుసుకోండి. ఫీజు ఏటా ఆ నెల చుట్టుపక్కలే పడుతుంది. రెండు నెలలు ముందుగా బ్యాంకును అడగండి. "నా కార్డును మీ బ్యాంకులోనే తక్కువ వార్షిక ఫీజున్న కార్డుగా మార్చండి" అంటే చాలు. వాళ్ళు దీన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. పేరు విని చిన్నతనం అనుకోకండి. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక పెద్ద ఇల్లు వదిలి చిన్న వాటాలోకి మారడం చిన్నతనమా?

అడిగేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితంమీద రాసి దగ్గర పెట్టుకోండి. పాత ఖాతానే కొనసాగుతుందా, లేక దాన్ని మూసి కొత్తది తెరుస్తారా? లిమిట్ తగ్గిస్తారా? ఉన్న పాయింట్లు కొత్త కార్డులోకి వస్తాయా, పోతాయా? కొత్త కార్డుకు చేరిక ఫీజు ఉందా? దాని వార్షిక ఫీజు మొదట ఎప్పుడు పడుతుంది? నడుస్తున్న ఈఎంఐలు, ఇంట్లోవారి యాడ్ ఆన్ కార్డులు ఏమవుతాయి? ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. కాబట్టి జవాబులు ఈమెయిల్‌లో ఇవ్వమనండి. నోటిమాట గాలిలో పోతుంది.

జవాబులు వచ్చాక, మార్చుకునేముందు పాయింట్లు వాడేసుకోండి. వాడుకోవడానికి కూడా కొన్ని బ్యాంకులు చిన్న ఫీజు తీసుకుంటాయి, అది చూసుకోండి. కార్డు నంబరు మారితే, దానికి కట్టిపెట్టిన ఫోను బిల్లు, కరెంటు బిల్లు, టీవీ చందా వంటి ఆటోమేటిక్ చెల్లింపులన్నీ ఆగిపోతాయి. ఆ జాబితా రాసుకుని ఒక్కొక్కటే కొత్త నంబరుకు మార్చండి.

కార్డు మార్చి తీరాలని బ్యాంకును శాసించే నియమం లేదు. మార్చడం కుదరదంటే, ఈ ఏడాదికి ఫీజు మాఫీ చేయమని అడగండి. అదీ కాదంటే అదే బ్యాంకులో ఫీజులేని కార్డు ముందు తీసుకుని, అది చేతికొచ్చాక పాతది మూయమనవచ్చు. మూయడం విషయంలో మాత్రం నియమాలు మన పక్షాన ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చి, ఆ జూలై 1 నుంచి అమలుచేసిన నియమాల ప్రకారం, బాకీ అంతా కట్టేసిన ఖాతాదారు మూయమని అడిగితే ఏడు పనిదినాలలో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే ఇవ్వాలి. ఛార్జీలు పెంచదలిస్తే కనీసం నెల ముందు చెప్పాలి. ఆ పెంపు నచ్చక కార్డు వదులుకుంటే మూసినందుకు అదనంగా ఏమీ తీసుకోకూడదు. మన అనుమతి లేకుండా కార్డును పెద్దదానికి మార్చి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేయడమే కాక, దానికి రెట్టింపు జరిమానా మనకు చెల్లించాలి. ఫిర్యాదు చేసిన 30 రోజులలో బ్యాంకు సరైన జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు.

ఒకవేళ ఫీజు అప్పటికే బిల్లులో పడిపోతే, అన్యాయమని కోపంతో కట్టకుండా ఊరుకోవద్దు. ఆలస్య రుసుము పడవచ్చు, సిబిల్‌లో మచ్చ పడవచ్చు. వెంటనే ఫోను చేసి వెనక్కి ఇవ్వమని అడగండి. గడువు తేదీలోగా నిర్ణయం రాకపోతే కట్టేసి, అడగడం మాత్రం మానకండి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. కార్డు మారుస్తామని వాళ్ళంతట వాళ్ళే ఫోను చేసేవారిని నమ్మకండి. మీరే చేయండి, అదీ కార్డు వెనక అచ్చువేసిన నంబరుకే. ఫోనులో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్ళవి కూడా ఉంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరిగా ఒక్కమాట. చాలా ఇళ్ళల్లో కార్డు మీవారి పేరుమీద, మీకు యాడ్ ఆన్ కార్డు ఉంటుంది. బాకీ బాధ్యత, సిబిల్ చరిత్ర మీవారివే అయినా, ఫీజు పోయేది ఇంటి డబ్బులోంచి. అంచేత "అది మగవాళ్ళ వ్యవహారం" అనుకోక, ఏడాదికి ఒక్కసారి స్టేట్‌మెంట్లు ముందుపెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఒకవైపు ఫీజు, జీఎస్టీ రాయండి. ఇంకోవైపు నిజంగా చేతికొచ్చిన లాభం రాయండి. మీ పేరుమీదే కార్డు కావాలనుకుంటే, బ్యాంకులో మీకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా చిన్న కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. జీతం లేని గృహిణికి కూడా సొంత చరిత్ర ఏర్పడే మార్గం అది. దానికి కూడా ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఏడాదికి ఫీజు ఎంత?