అంపైరు ఎక్కడ నిలబడాలి?

చాలా ఏళ్ల క్రితం చిత్తూరు జిల్లాలో ఒక పాఠశాల మైదానంలో క్రికెట్టు పోటీ జరిగింది. సైన్సు మాస్టారు కదా, లెక్క తప్పడని కాబోలు, అంపైరుగా నన్ను నిలబెట్టారు. రెండో జట్టు గెలవటానికి ఇంకా మూడు పరుగులు కావాలి. చేతిలో ఒక్క వికెట్టే ఉంది. ఒక పరుగు పూర్తయింది. రెండో పరుగుకి ఒక కుర్రవాడు నేనున్న వైపుకు దూసుకొచ్చాడు. బౌలరు బంతిని అందుకుని వికెట్టును పడగొట్టాడు. బెయిల్స్ ఎగరటం చూశాను. వేలెత్తాను.

ఆ కుర్రవాడు గొడవ చేయలేదు. దగ్గరకొచ్చి, "సార్, గీత దగ్గర నా బ్యాటు మీకు కనబడిందా సార్?" అని మాత్రం అడిగాడు.

కనబడలేదు. నేను వికెట్ల వెనక కదలకుండా నిలబడి ఉన్నాను. నాకూ గీతకూ మధ్య బౌలరు వీపు అడ్డంగా ఉంది. వెంటనే అయితే అంపైరు తన తీర్పును మార్చుకోవచ్చు. నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. నేను మార్చుకోలేదు. ఆ జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది.

మరి నేను ఎక్కడ ఉండవలసింది? బంతి దెబ్బ తగలగానే వికెట్ల వెనక నుంచి పక్కకు పరుగెత్తి, పాపింగ్ క్రీజు గీతకు సూటిగా, ఆ గీతను పక్కకు పొడిగిస్తే దానిమీద నా పాదాలు ఉండేటట్లు నిలబడాలి. సాధారణంగా బంతి వెళ్లిన వైపుకే వెళతారు. అయితే బంతిని విసిరే దారికి అడ్డం రాకూడదు. చేరాక తల కదలకుండా ఆగాలి. పరుగెత్తుతూ చూసేవాడికి గీత కూడా ఊగుతూ కనిపిస్తుంది.

గీతకు సూటిగానే ఎందుకు? మీరు ప్రయోగశాలలో స్కేలు మీద కొలత చూసేటప్పుడు కన్ను ఆ విభాగానికి నిట్టనిలువుగా ఉండాలని చెబుతాం కదా! పక్కనుంచి చూస్తే కొలత మారుతుంది. అదే పారలాక్స్ దోషం. నేల మీది గీతకూ, నేలకు కాస్త పైనున్న బ్యాటుకూ మధ్య కూడా ఇదే జరుగుతుంది. వెనకనుంచి చూసేవాడికి, గాలిలో ఉన్న బ్యాటు కొన గీతకు మరింత అవతల ఉన్నట్లు అనిపిస్తుంది.

ఎల్.బి.డబ్ల్యు. తీర్పులో ఈ దోషాన్ని లెక్క కట్టి చూడవచ్చు. బౌలరుకు చోటివ్వాలని అంపైరు మధ్య స్టంపు సూటి నుంచి 30 సెం.మీ. ఆఫ్ వైపుకు జరిగాడనుకోండి. బంతి, బ్యాట్స్‌మన్ వికెట్టుకు 5 మీటర్ల ముందు నేలను తాకింది. అంపైరు కంటికి ఆ చోటు సుమారు 16.6 మీటర్ల దూరం. సరూప త్రిభుజాలు గీయండి: 30 × 5 ÷ 16.6, అంటే దాదాపు 9 సెం.మీ. బంతి అంత మేర లెగ్ వైపు పడినట్లు అతనికి కనిపిస్తుంది. మూడు స్టంపుల మొత్తం వెడల్పు 22.86 సెం.మీ. మాత్రమే! లెగ్ స్టంపు సూటిలో పడిన బంతి అతని కంటికి బయట పడినట్లే. బయట పడితే నియమం ప్రకారం నాటౌట్. నిజానికి ఔటయిన బ్యాట్స్‌మన్ ఆడుతూనే ఉంటాడు.

ఇక చెవి సంగతి. ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. స్క్వేర్ లెగ్ అంపైరు 20 మీటర్ల దూరంలో ఉంటే, వికెట్టు పడిన చప్పుడు అతన్ని చేరటానికి 0.057 సెకను పడుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తే వాడు ఈలోగా 34 సెం.మీ. ముందుకు వచ్చేస్తాడు. జానెడున్నర! అందుకే చప్పుడును నమ్మి తీర్పు చెప్పకూడదు. గీతను, బెయిల్స్‌ను కంటితోనే పట్టుకోవాలి.

చిత్రమేమంటే అమెరికా, జపాన్ దేశాల్లో ప్రజలు ఎంతో ఇష్టపడే బేస్‌బాల్ ఆటలో దీనికి విరుద్ధం. మొదటి బేసు దగ్గర అంపైరు కన్ను పరుగెత్తేవాడి పాదం మీద ఉంచి, బంతి చేతితొడుగులో పడిన చప్పుడును చెవితో వింటాడు. అతను బేసుకు ఐదారు మీటర్ల దూరంలోనే ఉంటాడు గనుక ఆలస్యం 0.017 సెకనుకు మించదు. అక్కడా బంతి వచ్చే దారికి లంబంగా నిలబడాలని అంపైర్లకు నేర్పుతారు.

మన తెలుగు నేలనుంచి ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవారు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. ఆయన 26 టెస్టులకు అంపైరుగా ఉన్నారు. ఆతిథ్య దేశం అంపైర్లే నిలబడటం ఆనవాయితీగా ఉన్న రోజుల్లో, 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల మధ్య జరిగిన టెస్టుకు ఆయన్నీ, పిలూ రిపోర్టర్‌నూ పిలిపించారు. ఆనాడు రనౌట్ తేల్చటానికి వారికున్న సాధనాలు రెండు కళ్లు, రెండు కాళ్లు. 1992 నవంబరులో డర్బన్‌లో సచిన్ టెండూల్కర్‌ను టెలివిజన్ చిత్రాలు చూసి రనౌట్‌గా ప్రకటించారు. టెస్టుల్లో అలా ఔటైన మొదటివాడు ఆయనే. రనౌట్ కోసం వాడే కెమెరాలను ఎక్కడ అమరుస్తారో తెలుసా? సరిగ్గా క్రీజు గీతకు సూటిగా, పక్కన!

మన పాఠశాల మైదానాల్లో కెమెరాలు ఉండవు. ఎండ మాత్రం ఉంటుంది. బ్యాట్స్‌మన్ కళ్లలో పడకూడదని పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. దాంతో ఆ ఎండ సాయంత్రం పడమటికి తిరిగి నిలబడే స్క్వేర్ లెగ్ అంపైరు కళ్లలో పడుతుంది. అప్పుడతను ఆఫ్ వైపుకు మారవచ్చు. అయితే ఫీల్డింగ్ కెప్టెనుకూ, బ్యాట్స్‌మన్‌కూ, రెండో అంపైరుకూ ముందుగా చెప్పాలి.

ఆ మరుసటి ఏడాది పోటీకి కూడా నన్నే అంపైరుగా పిలిచారు. ఉదయాన్నే వెళ్లి, క్రీజు గీతను రెండు వైపులా పక్కకు పొడిగించి, నేను నిలబడవలసిన చోట్ల సున్నంతో చుక్కలు పెట్టుకున్నాను. చుక్కలు పెట్టటానికి సాయం వచ్చినవాడు ఆ కుర్రవాడే.