4,265 కిలోమీటర్ల నడక: పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ వెనుక అసలు లెక్క

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక నడక గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో మెక్సికో బోర్డర్ దగ్గర మొదలై, కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల కొండల మీదుగా కెనడా బోర్డర్ దాకా వెళ్లే కాలిబాట ఇది. పేరు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్, షార్ట్‌గా పీసీటీ. పొడవు దాదాపు 4,265 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకి పదిహేను సార్లు నడిచినంత!

రీల్స్‌లో చూస్తే పూలతో నిండిన పచ్చిక బయళ్లు, ఫర్ చెట్ల అడవులు, సరస్సు పక్కన టెంట్ కనిపిస్తాయి. అవన్నీ నిజమే. కానీ అక్కడ ఏ రోజు ఎక్కడుండాలో డిసైడ్ చేసేది మంచు. మన దగ్గర రైతు వానల్ని చూసుకుని నాట్లు వేసినట్టే, హైకర్ మంచుని చూసుకుని డేట్ ఫిక్స్ చేసుకోవాలి.

సింపుల్ లెక్క చూద్దాం. చాలామంది ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారాల లోపు దక్షిణం నుంచి బయల్దేరతారు. సెప్టెంబర్ చివరికల్లా పూర్తి చేయాలని చూస్తారు. చేతిలో ఉండేది సుమారు 150 రోజులు. అంటే రోజుకి 28 కిలోమీటర్లు. మధ్యలో ఊళ్లోకి దిగి సరుకులు కొనుక్కోవడానికి, రెస్ట్‌కి 20 రోజులు తీసేస్తే రోజుకి దాదాపు 33 కిలోమీటర్లు. అదీ బ్యాగు మోస్తూ, కొండలెక్కుతూ.

మరి ఇంకా ముందే బయల్దేరొచ్చు కదా? అక్కడే ఉంది చిక్కు. మొదటి 1,100 కిలోమీటర్లు ఎక్కువగా ఎడారి ప్రాంతం. లేటుగా వెళ్తే ఎండ, నీటి కొరత. ఆ తర్వాత వచ్చేది సియెర్రా నెవాడా పర్వతాలు. అక్కడ ఫారెస్టర్ పాస్ ఎత్తు 4,009 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే, గుర్తుపెట్టుకోండి. సియెర్రాకి మరీ ముందే చేరితే దారంతా మంచు కిందే ఉంటుంది. అలాగని మొత్తంగా ఆలస్యమైతే చివర్లో వాషింగ్టన్ కొండల్లో కొత్త మంచు మొదలవుతుంది.

మంచు కరిగే టైమ్‌లో ఇంకో ప్రమాదం ఉంది, అది వాగులు. 2017లో సియెర్రాలో వాగులు దాటుతూ ఇద్దరు పీసీటీ హైకర్లు చనిపోయారు. ఎండకి మంచు కరిగి మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు పెరుగుతాయి. అందుకే తెల్లవారుజామున దాటడం మంచిది. దాటే ముందు బ్యాగు నడుము బెల్టు విప్పేసుకోవాలి, పడిపోతే బ్యాగుని వెంటనే వదిలించుకోవచ్చు. డౌట్ వస్తే వెనక్కి తిరగడమే కరెక్ట్.

ఇప్పుడు పచ్చిక బయళ్లు. యోసెమిటీలో టువాలమీ మెడోస్ లాంటి చోట్ల మంచు కరిగాక నేల తడిగా, మెత్తగా ఉంటుంది. బురద తప్పించుకుందామని పక్కనుంచి నడిస్తే గడ్డి చచ్చిపోయి, ఒక దారి కాస్తా నాలుగు దారులవుతుంది. అందుకే షూస్ తడిసినా సరే, ఉన్న దారిలోనే ఒకరి వెనుక ఒకరు నడవాలి. టెంట్ కూడా గడ్డి మీద కాదు, గట్టి నేల మీద వేయాలి. సియెర్రాలో చాలా చోట్ల తిండిని బేర్ క్యానిస్టర్ అనే గట్టి డబ్బాలో పెట్టడం రూల్. ఎలుగుబంటి దాన్ని తెరవలేదు.

పర్మిట్ సంగతి. ఆగకుండా 500 మైళ్లు, అంటే దాదాపు 800 కిలోమీటర్లు దాటి నడిచేవాళ్లకి ఒకే లాంగ్ డిస్టెన్స్ పర్మిట్ ఇస్తారు. మెక్సికో బోర్డర్ దగ్గర ఉత్తరం వైపు బయల్దేరేవాళ్లకి రోజుకి 50 మాత్రమే.

అమెరికాలో ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఉన్న మనవాళ్లు ఈ పాయింట్ జాగ్రత్తగా వినండి. ఇంతకుముందు ట్రెయిల్ మీద నుంచే కెనడాలోకి వెళ్లడానికి ఆ దేశం ఒక పర్మిట్ ఇచ్చేది. 2025 జనవరిలో అది ఆపేశారు. కెనడా వైపు నుంచి ట్రెయిల్ మీద అమెరికాలోకి రావడం ఎప్పటినుంచో కుదరదు. కాబట్టి చివరి స్తంభం దగ్గర ఫొటో దిగి, దాదాపు 50 కిలోమీటర్లు వెనక్కి హార్ట్స్ పాస్‌కి నడవాల్సిందే. ఒక్క ఫొటో కోసం అవతలికి నాలుగడుగులు వేసి వీసాని రిస్క్‌లో పెట్టకండి.

ఐదు నెలల లీవ్ ఎవరిస్తారు బ్రో అంటారా? మొత్తం నడవక్కర్లేదు. వైల్డ్ పుస్తకం రాసిన చెరిల్ స్ట్రేయెడ్ 1995లో నడిచింది కూడా సుమారు 1,100 మైళ్లే. సియాటెల్‌లో ఉన్నవాళ్లకైతే స్నోక్వాల్మీ పాస్ కారులో గంట దూరం. అక్కడినుంచి కెండాల్ క్యాట్‌వాక్‌కి వెళ్లి రావడానికి దాదాపు 19 కిలోమీటర్లు, ఒక రోజు పని. మంచు కరిగాక, వేసవి చివర్లో వెళ్లండి.

బయల్దేరే ముందు మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, పవర్ బ్యాంక్, రెయిన్ జాకెట్ తప్పనిసరి. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లోవాళ్లకో, రూమ్‌మేట్‌కో చెప్పి వెళ్లండి. ఆ టైమ్ దాటితే వెతకాలని ఎవరో ఒకరికి తెలియాలి కదా.

ఇవాళ్టికి ఇంతే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్త.