ఫ్రిజ్జిలో తిరిగే వాయువు

ఎండాకాలంలో కొత్త కుండలో నీళ్ళు పోసి పెడితే అవి చల్లబడతాయి. కుండకు ఉండే సన్నని రంధ్రాల గుండా నీరు కొద్దికొద్దిగా పైకి ఊరి ఆవిరి అయిపోతూ ఉంటుంది. ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండలోని నీటి నుంచే తీసుకుంటుంది. అందుచేత లోపల మిగిలిన నీరు చల్లబడుతుంది. డాక్టరు సూదిమందు వేసేముందు చేతికి స్పిరిటు రాస్తే చల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే.

ఫ్రిజ్జి పనిచేసే సూత్రం సరిగ్గా ఇటువంటిదే. అయితే కుండ నుంచి ఆవిరి అయిన నీరు గాలిలో కలిసిపోతుంది. ఫ్రిజ్జిలో అలా పోనివ్వరు. దానిలో ఉండే సన్నని గొట్టాలలో ఒక ద్రవం తిరుగుతూ ఉంటుంది. అది ఆవిరి అయ్యేటప్పుడు లోపల పెట్టిన పాలలో నుంచీ, కూరగాయలలో నుంచీ వేడిని లాగేస్తుంది. అలా ఏర్పడిన వాయువును కంప్రెసరు అనే యంత్రం గట్టిగా నొక్కి, ఫ్రిజ్జి వెనకనో పక్కనో ఉండే గొట్టాలలోకి నెడుతుంది. అక్కడ ఆ వాయువు తాను తెచ్చిన వేడిని గదిలోకి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఫ్రిజ్జి పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఆ వేడే. ఫ్రిజ్జి తలుపు తెరిచిపెట్టి గదిని చల్లబరచవచ్చునా అని నేను ప్రతి ఏడూ తరగతిలో అడిగేవాణ్ణి. సగంమంది, "చల్లబరచవచ్చునండీ!" అని చేతులెత్తేవారు. ఎందుకు కుదరదో మీరే ఆలోచించండి.

ఇంతకూ గొట్టాలలో తిరిగే ఆ ద్రవం ఏమిటి? దానికి పెద్ద కథ ఉన్నది.

మొదటి రోజుల్లో అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడేవారు. మూడూ విషవాయువులే. గొట్టం ఎక్కడైనా కారితే ఇంట్లోవాళ్ళ ప్రాణాల మీదికి వచ్చేది. బెర్లిన్ నగరంలో ఒక కుటుంబం ఇలాగే చనిపోయిందని పత్రికలో చదివి, అయిన్‌స్టయిన్ అంతటివాడు జిలార్డ్ అనే మరొక శాస్త్రజ్ఞుడితో కలిసి, కారటానికి వీలులేని ఫ్రిజ్జి ఒకటి కల్పించాడు. 1930లో దానికి అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది. కాని అది ఇళ్ళలోకి రాలేదు. ఎంచేతంటే ఈ లోపల మరొక ఉపాయం దొరికింది.

1928లో థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికన్ కార్బను, క్లోరిను, ఫ్లోరిను కలిసిన ఒక వాయువును ఎన్నుకున్నాడు. దానికి విషగుణం లేదు, అది మండదు. 1930లో ఆయన శాస్త్రజ్ఞుల సభలో ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, మిడ్‌గ్లీకి ఏమీ కాలేదు! ఈ జాతి వాయువులను క్లోరోఫ్లోరోకార్బన్లు అంటారు. బజారులో వాటి పేరు ఫ్రియాన్. అవి వచ్చాక ఫ్రిజ్జి నుంచి కారే విషవాయువుల మూలాన మనుషులు చావటం బాగా తగ్గింది. ఈనాడు మిడ్‌గ్లీని తిట్టేవాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు.

తరవాత వాటిని అత్తరు చిమ్మే డబ్బాల్లోనూ, దోమలమందు డబ్బాల్లోనూ నింపారు. మీట నొక్కినప్పుడల్లా కాస్త వాయువు గాలిలోకి పోయేది. పోయినదల్లా ఏమవుతున్నది? నలభై ఏళ్ళదాకా ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు.

1974లో కాలిఫోర్నియాలో రోలండ్, మొలీనా అనే ఇద్దరు దీనికి జవాబు చెప్పారు. ఈ వాయువు దేనితోనూ కలవదు, నీటిలో కరగదు, వానకు దిగిరాదు. మెల్లిగా చాలా ఎత్తుకు చేరుతుంది. అక్కడ ఓజోన్ పొర ఉన్నది. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలలో చెడ్డవాటిని అడ్డుకునేది ఆ పొరే. అది లేకపోతే చర్మానికి క్యాన్సరూ, కంటికి శుక్లాలూ వస్తాయి, పైర్లు దెబ్బతింటాయి. మన నెత్తిన ఉన్న ఓజోన్‌నంతా నేలకు దించి నొక్కిపెడితే మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంతే! పైకి చేరిన ఫ్రియాన్‌ను ఆ ఎండ విరగగొడుతుంది. అప్పుడు విడిపోయిన ఒక్క క్లోరిను పరమాణువు సుమారు లక్ష ఓజోన్ అణువులను నాశనం చేయగలదు.

ఆ వాయువును తయారుచేసే కంపెనీలు ఇదంతా ఊహ అన్నాయి. అమెరికాలో మామూలు జనం మాత్రం చిమ్మే డబ్బాలు కొనటం తగ్గించి, చేత్తో రాసుకునేవి కొనసాగారు. చట్టం వచ్చేలోపలే అమ్మకాలు పడిపోయాయి. 1978లో చట్టం కూడా వచ్చింది. 1985లో దక్షిణ ధ్రువం మీద ఓజోన్ పొర బాగా పలచబడిపోయినట్టు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2010 నాటికి మన దేశంతో సహా అన్ని దేశాలూ ఈ వాయువుల తయారీని నిలిపివేయవలసి వచ్చింది. కాని ఫ్రిజ్జిలో వాడిన రకం గాలిలో సుమారు వందేళ్ళు ఉంటుంది. అందుకే దక్షిణ ధ్రువం మీది పొర 1980లో ఉన్న స్థితికి రావటానికి 2066 దాకా పడుతుందని లెక్క కట్టారు.

ఫ్రియాన్‌కు బదులు ఆర్-134ఏ అనే వాయువు వచ్చింది. అది ఓజోన్‌ను ముట్టుకోదు. అయితే దానికి మరొక దుర్గుణం ఉన్నది. భూమి నుంచి పోయే వేడిని పోనివ్వక పట్టి ఉంచటంలో అది ఒక కిలో, బొగ్గుపులుసు వాయువు 1,430 కిలోలతో సమానం! నుయ్యి తప్పించుకుని గోతిలో పడ్డట్టయింది.

తూర్పు జర్మనీలో ఫ్రిజ్జిలు చేసే కర్మాగారం ఒకటి 1992లో మూతబడబోతున్నది. గ్రీన్‌పీస్ అనే సంఘంవాళ్ళు అక్కడికి వెళ్ళి, మన వంటగ్యాసు జాతికే చెందిన వాయువులతో పది ఫ్రిజ్జిలు చేసి ఇమ్మన్నారు. ఇవి ఓజోన్‌ను చెరపవు, భూమిని వేడెక్కించటమూ బహు తక్కువ. "ఇళ్ళలో బాంబులు పెడతారా?" అని పెద్ద కంపెనీలు గోల చేశాయి. నిజానికి ఫ్రిజ్జిలో ఉండే వాయువు వంద గ్రాములకు లోపే ఉంటుంది. వంటింట్లో సిలిండరులో ఉండేది 14.2 కిలోలు! జర్మనీ జనం ఇంకా తయారుకాని ఆ ఫ్రిజ్జి కావాలని వేలకొద్దీ ఆర్డర్లు పంపారు. కర్మాగారం బతికింది, 1993 మార్చిలో మొదటి ఫ్రిజ్జిలు బయటికి వచ్చాయి. ఎగతాళి చేసిన కంపెనీలే కొద్దికాలంలో ఆ దారి పట్టాయి.

మీ ఇంటి ఫ్రిజ్జి వెనకనో, లోపల గోడకో అంటించిన చీటీ చదవండి. ఆర్-600ఏ అని ఉంటే అది ఆ జర్మనీ ఫ్రిజ్జికి చుట్టమే. ఆర్-134ఏ అని ఉంటే వెంటనే పారేయమని ఇంట్లో పేచీ పెట్టకండి. గొట్టాలలో ఉన్నంతకాలం అది ఏ అపకారమూ చేయదు. ఎప్పుడైనా కొత్తది కొనేటప్పుడు మాత్రం ఈ అక్షరాలు చూడమని నాన్నగారికి చెప్పండి. తలుపు మీద నక్షత్రాల బొమ్మ కింద ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుందో రాసి ఉంటుంది, అదీ చూడాలి. ఒకదాని మీద 180, మరొకదాని మీద 240 ఉంటే పదేళ్ళకు తేడా 600 యూనిట్లు. ఆ కరెంటులో చాలా భాగం బొగ్గు కాల్చి తీసిందే. ఫ్రిజ్జిని గోడకు ఆనించి పెట్టకుండా కాస్త ఎడం ఉంచితే వేడి సులువుగా పోయి కరెంటు ఆదా అవుతుంది.

పాత ఫ్రిజ్జి పాడైతే పాత ఇనపసామాన్లవాడికి ఇస్తాం. అతను రాగి కోసం గొట్టం కోస్తాడు. బుస్సుమని శబ్దం వస్తుంది. ఇన్నేళ్ళూ లోపల భద్రంగా ఉన్నదంతా ఆ ఒక్క క్షణంలో పైకి పోతుంది. కొత్తది అమ్మే దుకాణంవాణ్ణి, "పాతదాన్ని తీసుకుంటారా? దానిలోని వాయువును ఏం చేస్తారు?" అని ముందే అడగాలి. వాయువును సీసాలోకి తీసి దాచే యంత్రాలు ఉన్నాయి. అవి ఉన్నవాళ్ళకే పాత ఫ్రిజ్జి ఇవ్వాలి.