రాయ్‌పూర్ ఎండలో రెండు పూటల యాత్ర

మే నెల మధ్యాహ్నం రాయ్‌పూర్ స్టేషనులో దిగిన తెలుగు యాత్రికునికి ముందుగా ఎదురయ్యేది వడగాలి. అక్కడివారు దానిని ‘లూ’ అంటారు. విశాఖపట్నం ఎండకూ ఈ ఎండకూ పోలిక లేదు. సముద్రతీరంలో చెమట ఒంటిని తడిపి హెచ్చరిస్తుంది. ఛత్తీస్‌గఢ్ మైదానపు పొడిగాలిలో చెమట పట్టినట్లే తెలియకుండా ఆరిపోతుంది. దేహంలోని నీరు తరిగిపోతున్న సంగతి ఆలస్యంగా గాని తెలియదు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి.

దీనిని తేలికగా తీసుకొనరాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించారు. అయినా పిల్లలకు సెలవులు వేసవిలోనే గనుక కుటుంబ యాత్రలు సాగేదీ అప్పుడే. కావలసినది యాత్ర మానుకోవడం కాదు, పగటిని విభజించుకోవడం. స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో వేసవి మధ్యాహ్నం వీథులు నిర్మానుష్యమై, ప్రొద్దు వాలిన తరువాత జనంతో నిండుతాయి. రాయ్‌పూర్ యాత్రికునికీ అదే మార్గం.

తెల్లవారుజామున బయలుదేరితే సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని చంపారణ్యానికి ఎండ ముదరక ముందే చేరవచ్చును. తెలుగువారికి ఆ చోటు పరాయిది కాదు. 15వ శతాబ్దంలో వెలనాటి బ్రాహ్మణ దంపతులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ కాశీ నుండి తరలి వస్తూండగా అక్కడి అడవిలో ప్రసవం జరిగినదట. చలనం లేని శిశువును జమ్మిచెట్టు క్రింద విడిచి వెళ్ళిన ఆ తల్లిదండ్రులు, తిరిగి వచ్చి చూడగా బిడ్డ సజీవంగా కనిపించాడని సంప్రదాయ గాథ. ఆ బిడ్డయే శుద్ధాద్వైత ప్రవక్త వల్లభాచార్యులు.

మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌కు మరొక ఉదయం కేటాయించాలి. భర్త హర్షగుప్తుని స్మృతికై రాణి వాసట కట్టించిన ఇటుకల లక్ష్మణాలయం అక్కడ ఉన్నది. దూరం సుమారు 80 కిలోమీటర్లు. చెప్పులు విడిచి నడవవలసిన రాతి నేల ప్రొద్దెక్కితే కాళ్ళను కాల్చుతుంది.

మధ్యాహ్నం నీడపట్టునే గడపాలి. 1875లో స్థాపితమైన మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో సిర్పూర్ కంచు విగ్రహాలను చూడవచ్చును. ఎండలో అంత దూరం పోలేని వృద్ధులకు అదే సిర్పూర్ దర్శనం. భోజనానికి స్థానికుల ‘బోరే బాసీ’ ఉండనే ఉన్నది. నీళ్ళలో నానిన అన్నం, ఉల్లిపాయ, ఊరగాయ. మన చద్దన్నానికి తోబుట్టువే. పచ్చిమామిడికాయ పానకం, ఉప్పు కలిపిన మజ్జిగ దాహం వేయకముందే త్రాగుతూండాలి. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, చల్లని నీటితో ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. స్పృహ తప్పినవారి నోట నీరు పోయరాదు.

సాయంకాలానికి బూఢా తాలాబ్ తగిన చోటు. 1877లో కుటుంబంతో రాయ్‌పూర్ వచ్చి రెండేళ్ళు నివసించిన బాలుడు నరేంద్రుడు, తరువాతి వివేకానందస్వామి, నేడు ఆ చెరువు నడుమ విగ్రహరూపంలో ఉన్నాడు. గాలి చల్లబడేవేళ నగరవాసులు పిల్లలతో అక్కడికి చేరుతారు.

ఒకనాడు అనుకొన్నవన్నీ చూడలేకపోయినా చింత లేదు. పదమూడు శతాబ్దాలుగా నిలిచిన ఆలయం మరునాటి ఉదయం వరకూ వేచి ఉండగలదు. వెంట వచ్చిన పసివాడో, ముసలితల్లియో మధ్యాహ్నపు ఎండలో అంతసేపు వేచి ఉండలేరు.