కొత్త యంత్రం చేస్తే ఎవరిది?



పోచంపల్లి చీర మీరు చూసే ఉంటారు. ఆ చీర నేయాలంటే ముందు ఆసు పొయ్యాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. సాయంత్రానికి భుజాలు పీకుతాయి.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి గారు ఇలాగే ఆసు పోసేవారు. అమ్మ బాధ కొడుకు చూడలేకపోయాడు. ఆయనే చింతకింది మల్లేశం గారు. ఆయన ఆరో తరగతితోనే బడి మానేశారు. ఏళ్ళ తరబడి కష్టపడి, 1999లో ఆసు పోసే యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. ఆ యంత్రానికి పేటెంటు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

ఈ సంగతి చెబితే మా కేంద్రంలో ఒక అక్క అడిగింది: "పేటెంటు అంటే ఏంది సారూ?"

కొత్త వస్తువును గానీ, కొత్త పద్ధతిని గానీ కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే హక్కే పేటెంటు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు ఈ హక్కు ఉంటుంది. అన్నాళ్ళూ మన దేశంలో మీ అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని చేసి అమ్మకూడదు. హక్కు నిలవాలంటే మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టాలి.

అందరికీ తెలిసినదానికి పేటెంటు రాదు. గాయానికి పసుపు పెట్టడం మన అమ్మమ్మలకూ తెలుసు. 1995లో అమెరికాలో దీనికి పేటెంటు ఇచ్చారు. మన దేశ శాస్త్రవేత్తల సంస్థ అభ్యంతరం చెప్పింది. పాత పుస్తకాలు చూపించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంటు ఆఫీసు. మరి అంత దూరం పోవాలా? అక్కర లేదు. ఇప్పుడు కంప్యూటరులోనే దరఖాస్తు పంపవచ్చు. సొంత పేరున పంపితే ఫీజు 1,600 రూపాయలు. కాగితం మీద ఇస్తే 1,750.

ఇది గుర్తు పెట్టుకోండి. దరఖాస్తు ఇస్తే సరిపోదు. "నా దరఖాస్తు పరీక్షించండి" అని వేరే ఫారం ఇవ్వాలి. దానికి వేరే ఫీజు ఉంటుంది. ఇదివరకు ఇందుకు 48 నెలల గడువు ఉండేది. 2024 మార్చిలో దాన్ని 31 నెలలకు తగ్గించారు. గడువు దాటితే దరఖాస్తు పోయినట్టే.

ఆడవాళ్ళకు ఒక మేలు జరిగింది. దరఖాస్తుదారుల్లో ఒక్క మహిళ ఉన్నా, త్వరగా పరీక్షించమని అడగవచ్చు. 2019లో ఈ వీలు కల్పించారు. కానీ దీనికి ఫీజు ఎక్కువ, 8,000 రూపాయలు. కంప్యూటరులోనే పంపాలి.

దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. కాబట్టి తెలిసినవారి సాయం తీసుకోండి. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పల్లె జనం చేసిన కొత్త పనిముట్లకు పేటెంటు విషయంలో సాయం చేస్తుంది.

చివరిగా ఒక్క మాట. కొత్తది చేశామన్న సంబరంలో ముందే నలుగురికీ చూపించకండి. పేపర్లో వేయించకండి. అందరికీ తెలిసిపోతే అది కొత్తది కాదంటారు. హక్కు చేజారుతుంది. ముందు దరఖాస్తు. ఆ తరువాతే ప్రదర్శన.

ఆలోచించండి: మీరు రోజూ చేసే పనుల్లో ఒళ్ళు నొప్పి పుట్టించేది ఏది? దానికి ఏ పనిముట్టు ఉంటే బాగుంటుంది?