పంపే అధికారం ఎవరి చేతిలో?

పెంటపాడు తహసీల్దారు కార్యాలయమనేముంది, మన దగ్గర ఏ సర్కారీ ఆఫీసులోనైనా ఉత్తరం గడప దాటడానికి ఒక వరస ఉంది. సీనియర్ అసిస్టెంట్ చిత్తు రాస్తారు, డిప్యూటీ తహసీల్దారు దిద్దుతారు, తహసీల్దారు సంతకం పెడతారు. ఆ తర్వాతే డిస్పాచ్ రిజిస్టర్‌లో నంబరు పడుతుంది. ఇ-ఆఫీస్ వచ్చాక కాగితం తగ్గింది గానీ వరస అదే. ఈ తతంగాన్ని తిట్టుకోని వాళ్లు లేరు, నిజానికి తిట్టుకోదగ్గ ఆలస్యమే. కానీ రాసే పనినీ పంపే అధికారాన్నీ విడదీయడంలో ఒక ఇంగితం ఉంది. కృత్రిమ మేధ ఏజెంట్లకు ఈమెయిల్ తాళాలు అప్పగిస్తున్న ఈ రోజుల్లో కరువైంది ఆ ఇంగితమే.

తాళాలు అప్పగించాలన్న ఆశ సహజం. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల రొయ్యకు అమెరికా పెద్ద గిరాకీ. అక్కడ ఆఫీసులు తెరిచేసరికి ఇక్కడ రాత్రవుతుంది. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, ఆరోగ్య ధ్రువపత్రం, బ్యాంకు వివరాలు అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి. వచ్చిన మెయిల్ చదివి, పాత ఫైళ్లు వెతికి, జవాబు రాసి పంపేసే ఏజెంట్ ఉంటే రాత్రి ఎవరూ మేలుకోనక్కర్లేదు. యంత్రంతో మాట్లాడటం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన ఆ అలవాటు చేసింది. అయితే అక్కడ మనం అడిగింది మనకే వస్తుంది. ఈమెయిల్ ఏజెంట్ అలా కాదు, మన పేరు మీద ఎదుటివాళ్లకు రాస్తుంది.

మన పేరు మీద రాస్తే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు మన చట్టం పాతికేళ్ల కిందటే జవాబు రాసి పెట్టింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, దానంతటదే పనిచేసేలా మనం గానీ మన తరఫున ఇంకొకరు గానీ ఏర్పాటు చేసిన వ్యవస్థ పంపిన సందేశం మనం పంపినట్టే లెక్క. 13వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: వేరే ఒప్పందం లేకపోతే, మన అదుపులో లేని కంప్యూటర్‌లోకి చేరగానే సందేశం వెళ్లిపోయినట్టే. ‘అది యంత్రం చేసిన తప్పండీ’ అన్న సాకు నిలబడటం కష్టం.

తప్పు ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే భయానికి అర్థం తెలుస్తుంది. ఈ ఏజెంట్లను నడిపే భాషా నమూనాకు యజమాని చెప్పిన ఆజ్ఞా, ఎవరో పంపిన మెయిల్‌లోని వాక్యమూ రెండూ అక్షరాలే. ఏది ఆజ్ఞ, ఏది సమాచారం అని అది ప్రతిసారీ నికరంగా తేల్చుకోలేదు. 2025 జూన్‌లో బయటపడిన ‘ఎకోలీక్’ లోపం అలాంటిదే. మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ అనే కృత్రిమ మేధ సహాయకాన్ని వాడేవారికి మామూలుగా కనిపించే ఒక మెయిల్ పంపి, అందులోని మాటలతోనే సంస్థ లోపలి సమాచారాన్ని బయటికి లాగవచ్చని పరిశోధకులు చూపించారు. ఏ లింకూ నొక్కక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. అదే ఏడాది సెప్టెంబరులో బయటపడిన కథ ఇంకా చోద్యం. పోస్ట్‌మార్క్ అనే ఈమెయిల్ సేవ ద్వారా ఏజెంట్లు మెయిల్ పంపేందుకు, ఆ కంపెనీతో సంబంధం లేని ఎవరో దాని పేరుతోనే ఒక ఉపకరణం తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టారు. చాలా వెర్షన్ల దాకా బుద్ధిగానే పనిచేసింది. 1.0.16 వెర్షన్‌లో కోడ్‌కు ఒక్క లైను చేరింది: వెళ్లే ప్రతి మెయిల్‌కూ గుట్టుగా ఒక నకలు, తయారీదారు చిరునామాకు. ఇక్కడ ఏజెంట్ తప్పేమీ లేదు, దాని చేతికిచ్చిన పనిముట్టే దొంగ.

కాబట్టి ‘అడగకుండా పంపొద్దు’ అని ఏజెంట్‌కు నచ్చజెప్పడం కాపలా కాదు. పంపే సామర్థ్యమే దానికి లేకుండా చేయడం కాపలా. ఇది అన్నిచోట్లా తేలిక కాదు. మైక్రోసాఫ్ట్ అనుమతుల్లో చిత్తులు రాయడం వేరు, పంపడం వేరు, విడివిడిగా ఇవ్వొచ్చు. జీమెయిల్‌లో ‘కంపోజ్’ అనుమతి ఇస్తే చిత్తు రాసే హక్కుతో పాటు పంపే హక్కూ ఇచ్చేసినట్టే. చిత్తు వరకే ఆగాలంటే ఏజెంట్‌కూ జీమెయిల్‌కూ మధ్య ఉండే సాఫ్ట్‌వేర్‌లో ఒక గేటు కట్టుకోవాలి. ఎవరికి పంపవచ్చో చిరునామాల జాబితా, గంటకు ఎన్ని అన్న పరిమితి, ఏది ఎప్పుడు వెళ్లిందన్న రిజిస్టరు, ఇవన్నీ ఆ గేటు దగ్గరే ఉండాలి. అనుమతి తాళం కూడా గేటు దగ్గరే ఉండాలి గానీ ఏజెంట్ చేతికి అందకూడదు.

ప్రతి మెయిల్‌కూ మనిషి ‘సరే’ నొక్కాల్సి వస్తే యంత్రం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రోజుకు వంద సార్లు అడిగితే నూటొకటోసారి చదవకుండానే నొక్కేస్తాం, ఆ అనుమతి ఉన్నా లేనట్టే. అందుకే అడగడం తగ్గించాలి. ‘మీ లోడు బయల్దేరింది’ అని పాత ఖాతాదారుకు వెళ్లే ఒకే నమూనా జవాబును వదిలేయొచ్చు. బ్యాంకు ఖాతా మార్పు, కొత్త చిరునామా, జతచేసిన ఫైలు, ధర ఒప్పుకోలు, ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఆగాలి. వీటిలో ఒక్కటి తప్పినా కంటైనరు ఖరీదు పోతుంది. మనుషులు మాత్రం తప్పు చిరునామాకు పంపరా అని ఇంకో వాదన. పంపుతారు. కాకపోతే గుమాస్తా పొరపాటు ఒక మెయిల్‌తో ఆగుతుంది. పరిమితి లేని ఏజెంట్ అదే పొరపాటును నిమిషంలో ఖాతాదారులందరికీ పంచుతుంది.

తాడేపల్లిగూడెం బియ్యం మిల్లుకో కైకలూరు చేపల ఆఫీసుకో రేపు ఎవరైనా ఇలాంటి ఏజెంట్‌ను అమ్మడానికి వస్తే ఒక్కటే అడగండి: మేం ఒప్పుకోకుండా ఇది మెయిల్ పంపకుండా ఆపేది ఏమిటి? ‘పంపొద్దని దానికి గట్టిగా చెప్పామండీ’ అన్నది జవాబైతే, కొనకండి.